ధర్మనిధి నిండుగా ఉన్నా ఖర్చుకు హద్దులెందుకు? కళాశాలల సమ్మిళిత కార్యక్రమాల వెనుక ఉన్న నిధుల లెక్క

2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి రావలసిన సుమారు 220 కోట్ల డాలర్ల పరిశోధన గ్రాంట్లను నిలిపివేసింది. ప్రవేశాలు, నియామకాలు, వైవిధ్య కార్యక్రమాల విషయంలో ప్రభుత్వం పెట్టిన షరతులను విశ్వవిద్యాలయం తిరస్కరించడం దీనికి నేపథ్యం. ఆ నిలిపివేత చట్టవిరుద్ధమని అదే ఏడాది సెప్టెంబరులో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఈ వివాదం నడుస్తున్నంత కాలం సామాన్యులకు తోచిన సందేహం ఒకటే. 5,320 కోట్ల డాలర్ల నిధి ఉన్న సంస్థ ప్రభుత్వ సొమ్ము కోసం న్యాయస్థానం మెట్లెక్కడం ఎందుకు? ఉన్న డబ్బు తీసి ఖర్చు పెట్టుకోవచ్చు కదా?

ఈ సందేహం హార్వర్డ్‌కే పరిమితమైనది కాదు. పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు, వికలాంగ విద్యార్థులకు సదుపాయాలు, తమ కుటుంబంలో తొలిసారి కళాశాల గడప తొక్కినవారికి మార్గదర్శనం వంటి కార్యక్రమాలు నడిపే ప్రతి విద్యాసంస్థకూ ఇది వర్తిస్తుంది. ఆ కార్యక్రమాలు ఎన్నాళ్లు నిలుస్తాయన్నది సంస్థ సంకల్పంపై ఎంత ఆధారపడి ఉంటుందో, డబ్బు ఏ ఖాతాలోంచి వస్తోందన్న దానిపైనా అంతే ఆధారపడి ఉంటుంది.

ధర్మనిధి అంటే ఏమిటి?

తెలుగు విశ్వవిద్యాలయాలతో పరిచయం ఉన్నవారికి 'ధర్మనిధి ఉపన్యాసం', 'ధర్మనిధి పురస్కారం' అనే మాటలు కొత్త కావు. ఒక దాత కొంత మొత్తాన్ని సంస్థకు అప్పగిస్తారు. అసలును ముట్టుకోకుండా, దానిపై వచ్చే ఆదాయంతో ఏటా ఒక ఉపన్యాసమో, పురస్కారమో, బంగారు పతకమో ఏర్పాటు చేస్తారు. అమెరికా కళాశాలలు 'ఎండోమెంట్' అని పిలిచేది మూలంలో ఇదే. అక్కడ దాని పరిమాణం పెద్దది, పెట్టుబడుల తీరు సంక్లిష్టమైనది.

బయటి నుంచి చూసేవారికి ఎండోమెంట్ ఒకే పెద్ద ఖజానాలా కనిపిస్తుంది. వాస్తవానికి అది వేలాది చిన్న నిధుల సమాహారం. హార్వర్డ్ నిధిలో 14,000కు పైగా విడివిడి నిధులున్నాయి. పెట్టుబడి పెట్టేటప్పుడు అన్నిటినీ కలిపే పెడతారు. ఖర్చు చేసేటప్పుడు మాత్రం దేని లెక్క దానిదే. మొత్తం విలువలో దాదాపు 80 శాతం దాతల షరతులకు లోబడి ఉంటుంది. వైద్య పరిశోధనకు ఇచ్చిన నిధి ఆదాయంతో ఉపకార వేతనం ఇవ్వడానికి వీలు లేదు. ఉపకార వేతనానికి ఇచ్చిన నిధితో చెవిటి విద్యార్థికి సంజ్ఞాభాష అనువాదకుడిని నియమించడానికీ వీలు లేదు.

పైగా ఆ నిధి ఊరకే పడి ఉన్నదీ కాదు. 2024 ఆర్థిక సంవత్సరంలో దాని నుంచి 240 కోట్ల డాలర్లు విశ్వవిద్యాలయ బడ్జెట్‌లోకి వచ్చాయి. సంస్థ నిర్వహణ ఆదాయంలో ఇది 37 శాతం. అంటే ఆ సొమ్ము అప్పటికే జీతాలకు, ఉపకార వేతనాలకు, ప్రయోగశాలలకు ఖర్చవుతూనే ఉంది.

ఏటా ఎంత తీయవచ్చు?

ధర్మనిధికి రెండు తరాల పట్ల బాధ్యత ఉంటుంది. ఇప్పటి విద్యార్థికి సాయం అందాలి. యాభై ఏళ్ల తర్వాత వచ్చే విద్యార్థికి కూడా అదే విలువ గల సాయం మిగలాలి. అందుకే కళాశాలలు తమ నిధి విలువలో ఏటా సాధారణంగా 4 నుంచి 5 శాతం వరకే బడ్జెట్‌కు మళ్లిస్తాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికాలోని 658 విద్యాసంస్థలపై జరిపిన వార్షిక అధ్యయనంలో ఈ సగటు 4.8 శాతంగా తేలింది. ఆ సంస్థలన్నీ కలిసి సుమారు 3,000 కోట్ల డాలర్లు ఖర్చు చేయగా, అందులో సగానికి కాస్త తక్కువ విద్యార్థుల ఆర్థిక సాయానికి వెళ్లింది.

దీని అర్థం ఏమిటో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక కళాశాలకు సమ్మిళిత కార్యక్రమాల కోసం 10 లక్షల డాలర్ల నిధి ఉందనుకుందాం. 4.5 శాతం చొప్పున ఏడాదికి చేతికి వచ్చేది 45 వేల డాలర్లు. పూర్తికాలం పనిచేసే సమన్వయకర్త ఒకరి జీతభత్యాలకు సైతం అది చాలకపోవచ్చు. పత్రికా ప్రకటనలో 'పది లక్షల డాలర్ల విరాళం' ఘనంగా వినిపిస్తుంది. బడ్జెట్ పత్రంలో అది ఒక ఉద్యోగం కన్నా చిన్నది. కొన్ని సంస్థలు ఈ మొత్తంలోంచే నిర్వహణ రుసుమును కూడా మినహాయించుకుంటాయి.

మార్కెట్ ఒడుదొడుకుల సమస్య మరొకటి. నిధి విలువ మూడేళ్లలో వరుసగా 10 లక్షలు, 12 లక్షలు, 8 లక్షల డాలర్లుగా ఉందనుకుందాం. చివరి ఏడాది విలువనే లెక్కలోకి తీసుకుంటే వచ్చేది 36 వేల డాలర్లే. అప్పటికే చదువుకుంటున్న విద్యార్థుల సాయంలో కోత తప్పదు. అందుకే చాలా కళాశాలలు మూడేళ్ల సగటు విలువపై శాతం లెక్కగడతాయి. సగటు 10 లక్షలు కాబట్టి 45 వేల డాలర్లు నిలకడగా అందుతాయి. మార్కెట్ పెరిగినప్పుడు కాస్త తగ్గించుకుని, పడిపోయినప్పుడు తట్టుకునే పద్ధతి ఇది.

దీనికి చట్టం కూడా ఉంది. సంస్థాగత నిధుల వివేకవంతమైన నిర్వహణకు సంబంధించిన నమూనా చట్టాన్ని 2006లో రూపొందించగా, పెన్సిల్వేనియా మినహా అమెరికా రాష్ట్రాలన్నీ దాన్ని ఆమోదించాయి. ద్రవ్యోల్బణం, నిధి ఉద్దేశం, సంస్థకు ఉన్న ఇతర వనరులు వంటివన్నీ చూసి ఎంత తీయాలో నిర్ణయించాలని అది చెబుతుంది. ఏడాదిలో 7 శాతానికి మించి తీస్తే వివేకం లోపించినట్లు ప్రాథమికంగా భావించాలన్న నిబంధనను కొన్ని రాష్ట్రాలు చేర్చుకున్నాయి.

ఏ ఖర్చుకు ఏ డబ్బు?

సమ్మిళిత కార్యక్రమాల ఖర్చులు అన్నీ ఒకే స్వభావం గలవి కావు. ర్యాంపు, లిఫ్టు ఒకసారి కట్టే ఖర్చు. ఉపకార వేతనం ఏటా వచ్చే ఖర్చు. ఇంట్లో సంపాదించే మనిషి హఠాత్తుగా మంచాన పడినప్పుడు విద్యార్థికి ఇచ్చే అత్యవసర సాయం ముందుగా అంచనాకు అందనిది. సలహాదారుల జీతాలు ఒకసారి మొదలైతే ఆగని ఖర్చు.

ఆర్థిక అధికారులు పాటించే సూత్రం సరళమైనది. నిలిచి ఉండే బాధ్యతకు నిలిచి ఉండే ఆదాయం కావాలి. మూడేళ్ల గ్రాంటుతో శాశ్వత ఉద్యోగాన్ని సృష్టిస్తే నాలుగో ఏడు ఆ ఉద్యోగం పోతుంది. దానితోపాటు ఆ మూడేళ్లలో ఏర్పడిన నమ్మకమూ పోతుంది. అలాగే ఈ ఏడాదే తీరవలసిన అవసరం ఉన్నప్పుడు వచ్చిన సొమ్మునంతా ధర్మనిధిలో వేస్తే, ఆ అవసరంలో ఉన్న విద్యార్థి చదువు మానేసి వెళ్లిపోయాక నిధి పెరుగుతుంది.

ఈ రెంటి మధ్య సమతూకానికి టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఒక ఉదాహరణ. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థకు 2020లో మెకంజీ స్కాట్ 5 కోట్ల డాలర్లు ఇచ్చారు. దానికి షరతులేవీ పెట్టలేదు. అది కోవిడ్ కాలం. ఫీజు బకాయిలతో చదువు ఆగిపోయే స్థితిలో ఉన్న పై తరగతుల విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయం అందులోంచి 1 కోటి డాలర్లను వెంటనే కేటాయించింది. మిగిలిన దానిలో అధిక భాగాన్ని ధర్మనిధిలో చేర్చింది. షరతులు లేని విరాళం కాబట్టే ఆ నిర్ణయం విశ్వవిద్యాలయం చేతుల్లో ఉంది.

బెరియా కళాశాల అనుభవం

నిధి ఎక్కడి నుంచి వస్తోందన్న విషయం సంస్థ స్వభావాన్ని ఎలా కాపాడుతుందో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల చరిత్ర చూపుతుంది. 1855లో బానిసత్వ వ్యతిరేకి జాన్ జి. ఫీ స్థాపించిన ఈ సంస్థ నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులకు కలిపి చదువు చెప్పింది. నల్లజాతి చరిత్ర అధ్యయనానికి పునాది వేసిన కార్టర్ జి. ఉడ్‌సన్ 1903లో ఇక్కడే పట్టా పొందారు.

ఆ మరుసటి ఏడే కెంటకీ శాసనసభ రెండు జాతుల వారికి ఒకేచోట బోధించడాన్ని నిషేధించింది. కళాశాల సుప్రీంకోర్టు వరకు వెళ్లినా 1908లో ఓడిపోయింది. అప్పుడు బెరియా తన నల్లజాతి విద్యార్థులు ఇతర సంస్థల్లో చదువు కొనసాగించేందుకు సాయపడింది. వారి కోసం ప్రత్యేకంగా నిధులు సేకరించి, లూయీవిల్ నగరానికి సమీపంలో లింకన్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. 1912లో అది ప్రారంభమైంది. చట్టం సవరణకు నోచుకున్నాక 1950లో బెరియా తిరిగి అందరికీ తలుపులు తెరిచింది.

ఈ కళాశాల 1892 నుంచి విద్యార్థుల వద్ద ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల వారినే ప్రధానంగా చేర్చుకుంటుంది. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కళాశాలలో పనిచేయాలి. ఇది ఇన్నేళ్లు సాగడం వెనుక ఒక ఆర్థిక నిర్ణయం ఉంది. షరతులు లేకుండా వీలునామాల ద్వారా వచ్చే ప్రతి విరాళాన్నీ ఖర్చు చేయకుండా ధర్మనిధిలోనే జమచేయాలని పాలక మండలి 1920లో తీర్మానించింది. శతాబ్దం గడిచాక, కళాశాల నిర్వహణ బడ్జెట్‌లో సింహభాగం ఆ నిధి ఆదాయం నుంచే వస్తోంది.

ఆ క్రమశిక్షణే ఒక దశలో ఇబ్బంది తెచ్చిపెట్టింది. 2017లో అమెరికా కాంగ్రెస్ పెద్ద నిధులున్న ప్రైవేటు కళాశాలల పెట్టుబడి ఆదాయంపై 1.4 శాతం పన్ను విధించింది. కనీసం 500 మంది విద్యార్థులు ఉండి, ఒక్కో విద్యార్థికి 5 లక్షల డాలర్లకు మించి నిధి ఉన్న సంస్థలకు అది వర్తించింది. ఫీజు తీసుకోని బెరియా కూడా ఆ పరిధిలోకి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో చట్టాన్ని సవరించి, ట్యూషన్ ఫీజు చెల్లించే విద్యార్థుల సంఖ్యనే లెక్కించాలని మార్చడంతో బెరియాకు ఊరట లభించింది. 2025లో ఈ పన్నును మళ్లీ మార్చి, విద్యార్థికి ఉన్న నిధిని బట్టి 1.4 శాతం నుంచి 8 శాతం వరకు శ్రేణులుగా విభజించారు. ఫీజు చెల్లించే విద్యార్థులు 3,000 మందికి తక్కువ ఉన్న సంస్థలను పరిధి నుంచి తప్పించారు.

దాత షరతు, చట్టం ఎదురుపడితే

అమెరికాలో ప్రస్తుతం అత్యంత చిక్కైన ప్రశ్న ఇదే. పదుల ఏళ్ల కిందట ఒక దాత 'నల్లజాతి విద్యార్థుల కోసం' అని రాసి ఇచ్చిన నిధిని ఇప్పుడు ఏం చేయాలి?

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో తీర్పు ఇస్తూ, ప్రవేశాల్లో జాతిని పరిగణించే విధానాలను కొట్టివేసింది. ఆ తీర్పు ప్రవేశాల గురించినదే అయినా, మిస్సోరీ విశ్వవిద్యాలయం సహా పలు సంస్థలు ఉపకార వేతనాల్లోనూ జాతి నిబంధనలను తొలగించాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను మూసివేయించే టెక్సాస్ చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఉపకార వేతనాలకు కూడా ఈ తీర్పు వర్తిస్తుందంటూ 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ విద్యా శాఖ లేఖ రాసింది. ఆ లేఖను ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయస్థానం రద్దు చేసింది.

ఇలాంటి సందర్భాల్లో కళాశాల తనంతట తానుగా దాత మాటను తిరగరాయలేదు. నమూనా చట్టం ప్రకారం తొలి మార్గం దాత సమ్మతి తీసుకోవడం. దాత జీవించి లేకపోతే, షరతు చట్టవిరుద్ధంగానో ఆచరణకు సాధ్యం కానిదిగానో మారిందని న్యాయస్థానానికి నివేదించాలి. దాత ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా ఉండే కొత్త ప్రయోజనాన్ని న్యాయస్థానం నిర్ణయిస్తుంది. నిధి 25 వేల డాలర్లకు తక్కువగా, 20 ఏళ్లకు పైబడినదిగా ఉంటే, రాష్ట్ర అటార్నీ జనరల్‌కు 60 రోజుల ముందు తెలియజేసి సంస్థే మార్చుకోవచ్చు. ఈ పరిమితిని కొన్ని రాష్ట్రాలు పెంచుకున్నాయి.

ఆచరణలో చాలా సంస్థలు జాతి ప్రస్తావన తీసి, దాని స్థానంలో కుటుంబ ఆదాయం, తొలి తరం విద్యార్థి, ఫలానా ప్రాంతం వంటి ప్రమాణాలను చేరుస్తున్నాయి. దీనివల్ల నిధి చట్టం ముందు నిలుస్తుంది. అయితే దాత ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చారో వారికే సాయం చేరుతుందన్న హామీ ఉండదు. చర్చ అంతా ఈ అంతరం చుట్టూనే తిరుగుతోంది. సమాన అవకాశం అందరికీ ఒకే కొలమానం పెట్టడమేనని ఒక వర్గం వాదిస్తుంది. చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దాలంటే దాని పేరు చెప్పక తప్పదని మరో వర్గం అంటుంది.

భారత్‌లో లెక్క వేరు

అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఈ మార్పులు నేరుగా తెలుస్తాయి. అక్కడి తెలుగువారిలో ధర్మనిధి నెలకొల్పిన దాతలూ ఉన్నారు. అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో తెలుగు అధ్యయనానికి కొప్పాక కుటుంబ విరాళంతో ఆచార్య పీఠం ఏర్పడింది.

స్వదేశంలో మాత్రం ఇదే అవసరాన్ని తీర్చే సొమ్ము వేరే దారిన వస్తుంది. రిజర్వేషన్ రాజ్యాంగం ఆధారంగా నడుస్తుంది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లను 2016 నాటి చట్టం నిర్దేశించింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2012లో జారీ చేసిన నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలని చెప్పాయి. అంటే హక్కులు చట్టంలో ఉన్నాయి. వాటికి కావలసిన డబ్బు ప్రధానంగా ప్రభుత్వాల వార్షిక బడ్జెట్లలో ఉంటుంది.

వార్షిక బడ్జెట్‌కు ఉన్న బలం దాని విస్తృతి. ఏ దాతా ఇవ్వలేనంత మందికి అది చేరగలదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలకు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మొత్తం 59,048 కోట్ల రూపాయలు. అందులో 60 శాతం కేంద్రానిది, మిగిలినది రాష్ట్రాలది. అంతకుముందున్న విధానంలో భారం అధికంగా రాష్ట్రాలపై పడడంతో చెల్లింపులు కుంటుపడ్డాయి. ఆ అనుభవం నుంచే ఈ నిష్పత్తి పుట్టింది.

దాని బలహీనత ఆలస్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం లక్షలాది కుటుంబాల పిల్లలను ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలలకు చేర్చింది. బకాయిలు పేరుకుపోయినప్పుడు ప్రభుత్వానికి, యాజమాన్యానికి మధ్య నలిగేది విద్యార్థే. ఫీజు జమ కాలేదన్న కారణంతో ధ్రువపత్రం చేతికి రాకపోతే, వచ్చిన ఉద్యోగం కూడా చేజారే ప్రమాదం ఉంటుంది. కాగితంపై మంజూరైన సొమ్ము సమయానికి అందకపోతే ఆ విద్యార్థికి అది లేనట్టే.

భారతీయ విద్యాసంస్థలు ఇటీవల ధర్మనిధుల వైపు అడుగులు వేస్తున్నాయి. ఢిల్లీ ఐఐటీ 2019లో పూర్వ విద్యార్థుల విరాళాలతో ఎండోమెంట్ నిధిని ప్రారంభించింది. 2023లో నందన్ నీలేకని తాను చదివిన బొంబాయి ఐఐటీకి 315 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఇలాంటి విరాళాలు పేరున్న సంస్థలకే ఎక్కువగా చేరతాయి. సంపన్నులైన పూర్వ విద్యార్థులు లేని జిల్లా కేంద్రపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఆ దారి ఇంకా దూరమే. కాబట్టి ధర్మనిధి ప్రభుత్వ గ్రాంటుకు తోడు కాగలదే తప్ప ప్రత్యామ్నాయం కాలేదు.

దాతలు, కళాశాలలు చూసుకోవలసినవి

రెండు దేశాల అనుభవం నుంచి కొన్ని ఆచరణాత్మక విషయాలు తేలుతాయి. దానపత్రంలో ప్రయోజనాన్ని స్పష్టంగా, అదే సమయంలో కాస్త విశాలంగా రాయాలి. 'ఫలానా ఊరి నుంచి వచ్చి ఫలానా కోర్సు చదివేవారికి' అని మరీ ఇరుకుగా రాస్తే, అర్హులు దొరక్క ఆదాయం ఖర్చు కాకుండా పేరుకుపోతుంది. పక్క గదిలోనే మరో విద్యార్థి సాయం కోసం దరఖాస్తు పట్టుకుని నిలబడి ఉన్నా ఆ డబ్బు కదలదు.

పరిస్థితులు మారితే నిధిని ఏ ప్రయోజనానికి మళ్లించవచ్చో దాత ముందే రాసిపెట్టడం మేలు. వేతనంతో పాటు పుస్తకాలు, ప్రయాణం, సహాయక పరికరాలకు కూడా వీలు కల్పించాలి. అత్యవసర సాయానికి వెంటనే వాడుకోగల కొంత మొత్తాన్ని విడిగా ఉంచాలి.

కళాశాల వైపు నుంచి చేయవలసినది లెక్క చెప్పడం. ప్రతి నిధిలో అసలు ఎంత, ఈ ఏడాది ఆదాయం ఎంత, ఎంతమందికి చేరింది, ఎంత మిగిలింది అన్నది ఏటా ప్రకటిస్తే దాతకు నమ్మకం కలుగుతుంది. ఏ సాయం అందుబాటులో ఉందో విద్యార్థికీ తెలుస్తుంది. చాలాచోట్ల అర్హులైన విద్యార్థులకు అలాంటి నిధి ఉన్న సంగతే తెలియదు.

బడ్జెట్ సమావేశంలో ఈ పద్దులు సాధారణంగా చివరి పేజీల్లో ఉంటాయి. కోత పెట్టవలసి వచ్చినప్పుడు ముందుగా చేయి పడేది కూడా వాటిపైనే. మాట ఇచ్చి చేర్చుకున్న విద్యార్థి చదువు నాలుగేళ్లు సాగుతుంది. ఆ నాలుగేళ్లకూ డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందో ప్రవేశం ఇచ్చిన రోజే చెప్పగలిగిన సంస్థ తన మాటను నిలబెట్టుకోగలదు.